మీ ఊళ్లో ఇల్లు లేనివాళ్ల లెక్క తీసి ప్రభుత్వానికి అందించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

“బస్టాండు ముందు రోజూ యాభై అరవై మంది పడుకుంటున్నారండీ. మున్సిపాలిటీలో చెబితే, మా సర్వేలో అంతమంది లేరే అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?” ఈ ప్రశ్న తెనాలి నుంచి వచ్చింది, ఖమ్మం నుంచి వచ్చింది, తిరుపతి నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు. అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతి ఒకచోట పెడుతున్నాను.

నేను తిరిగింది ఎక్కువగా విజయవాడలో. కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఉంటాయి. పద్ధతి మాత్రం ఏ పట్టణానికైనా సరిపోతుంది. పది మంది మనుషులు, మూడు వారాల సమయం ఉండి, రెండు రాత్రుల నిద్ర మానుకుంటే చాలు. డబ్బు పెద్దగా అక్కర్లేదు.

ఒక్క మాట మొదట్లోనే గుర్తుపెట్టుకోండి. మీ లెక్క పట్టుకుని ఒక అధికారి అదే దారిలో అదే వేళకు నడిస్తే, ఆయనకూ దాదాపు అదే సంఖ్య రావాలి. కింద రాసిన ప్రతి జాగ్రత్తా దాని కోసమే.

1. ఎవరిని లెక్కపెడతారో ముందు రాసుకోండి

చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. నిర్వచనం రాసుకోకుండా రోడ్డెక్కితే ఒక జట్టు ఘాట్ మీద పడుకున్న యాత్రికుల్ని కూడా కలిపేస్తుంది, ఇంకో జట్టు టార్పాలిన్ పట్టాల కింద కాపురముంటున్న కుటుంబాల్ని వదిలేస్తుంది. రెండు సంఖ్యలూ కలిపితే దేనికీ పనికిరాదు.

2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లంటే భవనాల్లో కాకుండా రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు. వాళ్లను ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు, అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లు 9.38 లక్షలు. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ (పట్టణ పేదల కోసం కేంద్రం పెట్టిన పథకం) నిర్వచనం ఇంకొంచెం విశాలం. షెల్టర్లలో రాత్రి గడిపేవాళ్లూ అందులోకి వస్తారు.

మీ కాగితం మీద ఇలా నాలుగు గుంపులు చేసుకోండి:

- క: ఆరుబయట, ఏ కప్పూ లేకుండా పడుకున్నవాళ్లు
- ఖ: ఫుట్‌పాత్ మీద, కాలువ గట్టు మీద పట్టా కట్టుకుని ఉంటున్నవాళ్లు
- గ: ఆ రాత్రి ప్రభుత్వ షెల్టర్‌లో ఉన్నవాళ్లు
- ఘ: విడిగా పెట్టాల్సినవాళ్లు. ఆసుపత్రి బయట పడుకున్న రోగుల సహాయకులు, తెల్లవారుజాము బండి కోసం ఆగిన ప్రయాణికులు, యాత్రికులు

ఘ గుంపును నిరాశ్రయుల మొత్తంలో కలపకండి, కానీ పారేయకండి కూడా. పెద్దాసుపత్రి ముందు చెట్టు కింద పదిహేను రోజులుగా పడుకుంటున్న సహాయకురాలికి ఊళ్లో ఇల్లుంది, ఇక్కడ లేదు. ఆమెకు కావాల్సింది ఆసుపత్రి ఆవరణలో బస. అది అడగడానికి వేరే సంఖ్య కావాలి.

అడ్డా కూలీల సంగతి అందరూ అడుగుతారు. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చి మూడు నెలలు పనిచేసుకుంటూ షాపు ముందు పడుకునే మనిషిని క గుంపులోనే వేయండి. సొంతూళ్లో ఇల్లు ఉందా లేదా అన్నది ఆ రాత్రికి సంబంధం లేని విషయం.

2. రెండు కాగితాలు, రెండు దారులు

మొదటిసారి మేం ఒకే పట్టిక పెట్టుకున్నాం. పేరు, వయసు, పడుకునే చోటు అన్నీ అందులోనే. మంచి ఉద్దేశంతోనే ఒక కార్యాలయానికి ఇచ్చాం. పది రోజుల తర్వాత ఘాట్ దగ్గరికి వెళ్తే, మేం రాసిన చోటల్లా ఖాళీగా ఉంది. ఏదో పెద్దల రాక ఉందని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. మా పట్టిక వల్లే జరిగిందో లేదో తేల్చలేను. కానీ మమ్మల్ని నమ్మి పేరు చెప్పిన ఒక పెద్దామె తర్వాత ఎదురుపడి, “మీరు రాసుకెళ్లాకే వచ్చారయ్యా వాళ్లు” అంది. ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పటినుంచి రెండు కాగితాలు వాడుతున్నాం.

లెక్క కాగితం: పేర్లు ఉండవు. చోటు, వేళ, సంఖ్యలు మాత్రమే. ప్రభుత్వానికి వెళ్లేది ఇదే.

సాయం కాగితం: ఆధార్ లేదనో, పింఛన్ ఆగిందనో, మందులు కావాలనో స్వయంగా చెప్పి, రాసుకోమన్నవాళ్ల వివరాలు. ఇది ఒక్కరి దగ్గరే, తాళం వేసిన చోట ఉంటుంది. ఏ పని కోసం తీసుకున్నామో ఆ పని చేసే అధికారికి ఆ ఒక్కరి వివరమే ఇస్తాం. పని అయ్యాక చింపేస్తాం.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మనిషి ఒప్పుకున్న పనికే ఆ వివరాలు వాడాలంటుంది. ఫొటోలు తీయకండి. ఆధార్ నంబర్ రాసుకోకండి, ‘ఉంది, లేదు’ చాలు.

పేరు రాయిస్తే ఖాళీ చేయిస్తారన్న భయం ఊరికే పుట్టింది కాదు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఇంకా ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు రోడ్ల మీది వాళ్లను తీసుకెళ్లి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని పునరావాస కేంద్రాల్లో ఉంచారు. లిస్టు రాసేవాళ్లంటే మనుషులు తప్పుకుంటారు మరి.

3. తేదీ, వేళ

మే నెలలో లెక్కపెట్టకండి. ఎండాకాలం ఉక్కకు ఇల్లున్నవాళ్లు కూడా మడత మంచాలు వేసుకుని వీధిలో పడుకుంటారు. కృష్ణలంక సందుల్లో మే రాత్రి లెక్క తీస్తే సగం మంది అక్కడి ఇళ్లవాళ్లే.

డిసెంబరు, జనవరి మంచి కాలం. చలిలో బయట పడుకున్నాడంటే ఆ మనిషికి వేరే చోటు లేదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అయితే చలికి జనం మెట్ల కిందికి, షట్టర్ల సందుల్లోకి జరుగుతారు. వెతకడంలో ఎక్కువ ఓపిక కావాలి. వీలైతే జూలై, ఆగస్టుల్లో వాన లేని రాత్రి ఇంకోసారి తీయండి. వానాకాలం సంఖ్యకూ చలికాలం సంఖ్యకూ తేడా ఎందుకొచ్చిందో రాస్తే నివేదికకు బలం.

వదిలేయాల్సిన రోజులు:

- దసరా, పుష్కరాలు, శివరాత్రి, భవానీ దీక్షల విరమణ రోజులు
- వారాంతం, పెళ్లిళ్ల ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రోజులు
- వాన పడుతున్న రాత్రి, పడిన మరుసటి రాత్రి
- వరద తర్వాత నెల రోజులు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదప్పుడు రోడ్ల మీద ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇళ్లున్నాయి, నీళ్లలో ఉన్నాయి.

వేళ రాత్రి 11.30 నుంచి తెల్లవారుజాము 3.30 వరకు. అంతకుముందు వెళ్తే షాపులు మూయరు, ఇంకా పక్కలు పరచరు. నాలుగు దాటితే హమాలీలు, పూల మార్కెట్ కూలీలు, పేపర్ కట్టలు మోసేవాళ్లు లేచి వెళ్లిపోతారు. రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల కోసం మార్కెట్ పరిసరాల్లో మధ్యాహ్నం ఒక చిన్న చుట్టు వేసి, ఆ సంఖ్య వేరుగా చూపండి.

4. పగటి తిరుగుడు: మ్యాప్ తయారు చేయడం

లెక్కలో సగం పని పగలే అయిపోవాలి. రాత్రి చీకట్లో చోట్లు వెతుక్కోకూడదు.

వారం రోజులపాటు ఇద్దరిద్దరు తిరిగి చోట్ల జాబితా రాయండి. ఎవర్ని అడగాలి? రాత్రి టీ కొట్లవాళ్లు, ఏటీఎం వాచ్‌మెన్, తెల్లవారుజామున ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, ఆటో స్టాండు వాళ్లు, గుడి దగ్గర పూలమ్మేవాళ్లు, అన్న క్యాంటీన్‌లో వడ్డించేవాళ్లు. వీళ్లకు తెలిసినంత ఏ కార్యాలయానికీ తెలియదు. పారిశుద్ధ్య కార్మికులను మాత్రం మర్చిపోవద్దు. ఏ షట్టర్ ముందు ఎందరు లేస్తారో వేళ్ల మీద లెక్క చెబుతారు.

విజయవాడలో మా జాబితా సుమారుగా ఇలా మొదలవుతుంది: పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ లోపల, బయట, రైల్వే స్టేషన్ రెండు వైపులా, పద్మావతి ఘాట్, దుర్గా ఘాట్, కనకదుర్గ ఫ్లైఓవర్ కింద, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద, వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ, పాత, కొత్త ప్రభుత్వాసుపత్రుల ముందు, బీసెంట్ రోడ్డు షట్టర్లు, కాలువ గట్లు.

తర్వాత ఊరిని ముక్కలు చేయండి. ఒక జట్టు రెండున్నర గంటల్లో నడిచి పూర్తి చేయగలిగినంతే ఒక ముక్క. హద్దులు రోడ్లు, కాలువలు, రైలు కట్టలు కావాలి, ఎందుకంటే రాత్రిపూట కంటికి కనిపించేవి అవే. “ఫ్లైఓవర్ కుడిపక్క స్తంభాల వరకు మీది, ఎడమపక్క మాది” అన్నంత స్పష్టంగా గీయండి. విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లున్నాయి. మీ ముక్కలు ఏయే డివిజన్లలోకి వస్తాయో పక్కన రాసుకోండి, నివేదికలో పనికొస్తుంది. చిన్న పట్టణమైతే వార్డు నంబర్లు.

ప్రతి చోటుకూ ఒక కోడ్ ఇవ్వండి: ఘా-1, ఘా-2, బస్-1, ఇలా. ఈ జాబితా పూర్తయ్యాకే తేదీ ఖరారు చేయండి.

5. జట్లు, అనుమతులు, ముందు రోజు శిక్షణ

జట్టుకు ముగ్గురు. ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి, ఒకరు మాట్లాడాలి. కనీసం ఒకరు ఆడవాళ్లు ఉండాలి. ఒకరు ఆ చోట్లలో ఉన్న, లేదా ఒకప్పుడు అక్కడ పడుకున్న మనిషై ఉంటే మీ పని సగం తేలిక. ఆ మనిషికి రెండు రాత్రుల కూలి ఇవ్వండి. వలంటీర్ అంటూ ఊరికే తిప్పుకోవడం న్యాయం కాదు. ఆ రాత్రి పోతే మర్నాడు అడ్డా కూలి కూడా పోతుంది.

స్థానిక పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి, ముద్ర వేయించుకున్న నకలు జేబులో పెట్టుకోండి. పోలీసుల్ని వెంట తీసుకెళ్లకండి. ఖాకీ చొక్కా కనిపిస్తే పక్కలు చుట్టేసి లేచిపోతారు. రైల్వే ప్లాట్‌ఫారం మీద తిరగాలంటే స్టేషన్ అధికారుల అనుమతి వేరే కావాలి.

మున్సిపల్ కమిషనర్‌కూ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ప్రాజెక్ట్ డైరెక్టర్‌కూ ముందే ఒక ఉత్తరం పెట్టి, ఒక ప్రతినిధిని పంపమని అడగండి. మెప్మా కమ్యూనిటీ ఆర్గనైజరో, రిసోర్స్ పర్సనో ఒక్కరు వచ్చినా చాలు. తర్వాత “మీ లెక్క మాకు తెలియదు” అనే మాటకు చోటుండదు. రాకపోతే, పిలిచిన ఉత్తరం నకలే మీకు ఆధారం. ఒక్క జాగ్రత్త: ఏ రోజు వస్తున్నారో చెప్పండి, ఏయే చోట్లకు వెళ్తున్నారో ముందే రాసివ్వకండి.

ముందు రోజు సాయంత్రం రెండు గంటల శిక్షణ చాలు. ఒక వీధిలో అందరూ నడిచి విడివిడిగా లెక్క రాయాలి. సంఖ్యలు పోల్చి చూస్తే ఎవరు ఎక్కడ తడబడుతున్నారో తెలిసిపోతుంది.

జేబులో, సంచిలో ఉండాల్సినవి:

- చోట్ల జాబితా, చేత్తో గీసిన దారి పటం
- లెక్క కాగితాలు, ప్యాడ్, రెండు పెన్నులు
- చిన్న టార్చి (నేల మీదికే వేయాలి, ముఖాల మీదికి కాదు)
- గుర్తింపు కార్డు, పోలీసులకిచ్చిన ఉత్తరం నకలు
- షెల్టర్ చిరునామాలు ముద్రించిన పసుపు చీటీలు
- మంచినీళ్లు, ఓఆర్ఎస్, కొన్ని దుప్పట్లు
- నంబర్లు: 108 అంబులెన్స్, 112 పోలీస్, 1098 పిల్లలకు, 181 మహిళలకు, 14567 వృద్ధులకు

6. రాత్రి లెక్కింపు, వరుస క్రమంలో

ఎ. అన్ని జట్లూ ఒకే నిమిషానికి మొదలవ్వాలి. ఒక జట్టు పదకొండున్నరకు, ఇంకోటి రెండింటికి బయల్దేరితే ఈలోగా చోటు మారినవాళ్లు రెండుసార్లు పడతారు.

బి. పటంలో గీసిన దారిలోనే, ఎడమ పక్క పూర్తిగా వెళ్లి కుడి పక్కగా రండి. జిగ్‌జాగ్‌గా నడిస్తే ఎక్కడ వదిలేశారో మీకే తెలియదు.

సి. చోటుకు చేరగానే వేళ రాయండి. మనుషులున్నా లేకున్నా రాయాలి. సున్నా కూడా లెక్కే. ఖాళీ గడి వదిలితే తర్వాత “అక్కడికి అసలు వెళ్లారా?” అనే ప్రశ్న వస్తుంది.

డి. ఒక్కొక్కరికీ ఒక గీత, ఐదో గీత అడ్డంగా. గళ్లు ఇవి: మగ, ఆడ, పిల్లలు (కుటుంబంతో), పిల్లలు (ఒంటరిగా), తెలియదు. ట్రాన్స్‌జెండర్ అన్న గడి వాళ్లు స్వయంగా చెబితేనే నింపాలి. పక్కన కుటుంబాల సంఖ్య, నడవలేని స్థితిలో ఉన్నవాళ్ల సంఖ్య.

ఇ. దుప్పటి లాగకండి. నిద్ర లేపకండి. ముసుగు తన్ని పడుకున్న మనిషి ‘తెలియదు’ గడిలోకి వెళ్తాడు. ఆ గడి పెద్దదైనా ఫర్వాలేదు. ఊహించి మగ అని రాయడం కంటే అదే నిజం. ఆడవాళ్లు చాలామంది రాత్రిపూట కావాలనే పూర్తిగా ముసుగేసుకుంటారు, లేదా వెలుతురున్న ఆసుపత్రి, బస్టాండు హాళ్లలో కూర్చుని రాత్రి గడుపుతారు. కూర్చున్నవాళ్లను వదిలేస్తే ఆడవాళ్ల సంఖ్య పడిపోతుంది.

ఎఫ్. మూటలు, చాపలు మాత్రమే ఉండి మనిషి లేకపోతే లెక్కలో వేయకండి. ‘సామాను ఉంది, మనిషి లేరు’ అని పక్కన రాయండి.

జి. ఒంటరిగా చిన్నపిల్లలు కనిపిస్తే లెక్క ఆపి 1098కు ఫోన్ చేయండి. అలాంటి పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. స్పృహలో లేని మనిషి కనిపిస్తే 108. మతిస్థిమితం లేక తిరుగుతున్న మనిషి రక్షణ బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పోలీసులది, 112కు చెప్పండి. మీ పట్టిక ఆలస్యమైనా నష్టం లేదు.

ఫోన్ యాప్‌లో నేరుగా నింపొచ్చా అని అడుగుతారు. కోబో టూల్‌బాక్స్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మంచిదే. కానీ చీకట్లో వెలిగే తెర చూస్తే వీడియో తీస్తున్నారనుకుంటారు. రాత్రి కాగితం, పొద్దున కంప్యూటర్, మాకు ఇదే కుదిరింది.

7. మేలుకుని ఉన్నవాళ్లతో మాట

పదిలో ముగ్గురో నలుగురో మేలుకుని ఉంటారు. నిలబడి ప్రశ్నలడగకండి. పక్కన కూర్చోండి, పేరు అడగకుండా మొదలుపెట్టండి.

“బాబాయ్, మేం ఆఫీసు వాళ్లం కాదు. ఈ ఊళ్లో బయట పడుకునేవాళ్లు ఎంతమందో లెక్క రాసి, బస కావాలని అడుగుతున్నాం. మీ పేరు అక్కర్లేదు. రెండు మాటలు అడగొచ్చా? వద్దంటే వెళ్లిపోతాం.”

వద్దంటే నిజంగానే వెళ్లిపోవాలి. ఒప్పుకుంటే ఐదు ప్రశ్నలు:

- ఇక్కడ ఎన్నాళ్లుగా పడుకుంటున్నారు?
- పగలు ఏం పని చేస్తారు?
- ఆధార్, రేషన్ కార్డు, ఓటు ఉన్నాయా? (ఉంది, లేదు, పోయింది)
- ఒంట్లో ఎలా ఉంది? మందులు వాడుతున్నారా?
- ఇక్కడ షెల్టర్ ఉందని తెలుసా? తెలిస్తే ఎందుకు వెళ్లడం లేదు?

మీరు తెచ్చే సమాచారంలో అన్నిటికంటే విలువైనది ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు. దాన్ని ఒక్క పదంలో రాసుకోకండి, వాళ్ల మాటల్లోనే రాయండి. మీరు నివేదిక ఇవ్వగానే అవతలివైపు నుంచి వచ్చే మొదటి మాట, “షెల్టర్‌లో మంచాలు ఖాళీగానే ఉన్నాయి కదా” అని. దానికి జవాబు ఈ గడిలోనే దొరుకుతుంది.

మేం విన్నవి ఇవి. “రిక్షా బయట పెడితే పొద్దునకి ఉండదు.” “మా ఆయన్ని ఒకచోట, నన్నూ పిల్లల్నీ ఒకచోట ఉండమంటారు.” “అడ్డా ఇక్కడ, షెల్టర్ అక్కడెక్కడో. నాలుగింటికి ఆటో దొరకదు.” “మందు తాగానని రానివ్వలేదు.” “ఆధార్ అడిగారు.” “మెట్లెక్కలేను.” వీటిలో ప్రతి ఒక్కటీ సరిచేయగలిగిన విషయమే. బండ్లు పెట్టుకోవడానికి తాళమున్న చోటు, కుటుంబాలకు గది, కింది అంతస్తులో మంచాలు అని రాసి అడగొచ్చు.

మాట అయ్యాక పసుపు చీటీ ఇవ్వండి. రెండో రాత్రికి అది పనికొస్తుంది.

ఓటు లేదన్నవాళ్లకు ఒక విషయం చెప్పండి. ఇల్లు లేకపోయినా ఓటు నమోదుకు ఫారం 6 ఇవ్వొచ్చు. చిరునామా రుజువు అక్కర్లేదు. బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) ఆ చోటుకు ఒకటికి మించిన రాత్రులు వచ్చి, అక్కడే పడుకుంటున్నారని చూసుకుంటే సరిపోతుందని ఎన్నికల సంఘం నియమాల్లోనే ఉంది.

8. లెక్క సరిచూసుకోవడం

మొదటి పరీక్ష అదే రాత్రి. ఒక వేరే జట్టు ఐదు చోట్లకు గంటలోపు మళ్లీ వెళ్లి లెక్కపెట్టాలి. తేడా పదింట ఒక వంతు దాటితే ఆ ముక్క మొత్తం మళ్లీ చేయాలని మేం నియమం పెట్టుకున్నాం. న్యూయార్క్‌లో ఏటా చలికాలం జరిగే రాత్రి లెక్కలో కొందరు వలంటీర్లను ముందే వీధుల్లో కూర్చోబెట్టి, లెక్కపెట్టేవాళ్లు వాళ్లను గుర్తించారా లేదా అని చూస్తారు. మనుషులుంటే మీరూ ఇద్దర్ని అలా పెట్టొచ్చు.

రెండో పరీక్ష వారం తర్వాత రెండో రాత్రి. అదే దారి, అదే వేళ. మేలుకుని ఉన్నవాళ్లను, “పోయిన వారం మావాళ్లు వచ్చి పసుపు చీటీ ఇచ్చారా?” అని అడగండి.

దీంతో ఒక చిన్న లెక్క కట్టొచ్చు. అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చెబుతాను. మొదటి రాత్రి 60 మందికి చీటీ ఇచ్చారు. రెండో రాత్రి 50 మందితో మాట్లాడితే అందులో 30 మంది చీటీ అందిందన్నారు. 60ని 50తో హెచ్చించి 30తో భాగిస్తే 100. అంటే మాట్లాడగలిగే స్థితిలో ఉన్నవాళ్లు సుమారు వంద మంది ఉండొచ్చు, ఒక్కో రాత్రి మీరు అందుకున్నది అందులో సగానికి కాస్త అటూఇటూ. చేపల చెరువుల్లో చేపల సంఖ్య అంచనా వేసే పద్ధతి ఇదే.

ఈ అంచనాను అసలు సంఖ్య స్థానంలో పెట్టకండి. వారంలో కొందరు ఊరు వదిలిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. ‘కళ్లారా చూసినవాళ్లు ఇంతమంది, నిజానికి ఇంకా ఎక్కువ ఉండొచ్చు’ అని చెప్పడానికి మాత్రమే వాడండి.

9. పట్టిక శుభ్రం చేయడం

పొద్దున ఇంటికి వెళ్లకముందే కాగితాలన్నీ ఒకచోట చేర్చండి. రాసినవాళ్లే చదవాలి, ఇంకొకరు ఎక్సెల్‌లో ఎక్కించాలి. రెండు రోజులు ఆగితే ‘ఇది ఏడా, ఒకటా’ అన్నది రాసినవాళ్లకే గుర్తుండదు.

- ప్రతి కోడ్‌కూ ఒక వరుస ఉందా? సున్నాలతో సహా?
- అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకే మొత్తం వస్తోందా?
- ఘ గుంపు విడిగా ఉందా?
- ఎక్కడైనా పేరు, ఫోన్ నంబర్ జారిపడిందా? ఉంటే తీసేయండి.
- ఇద్దరు ముగ్గురే ఉన్న చోట్లను పక్క చోటుతో కలిపారా? ‘ఫలానా మెట్ల కింద ఒక్క ఆడమనిషి’ అని పట్టికలో ఉంటే ఆమెకు ప్రమాదం.

జీపీఎస్ గుర్తులు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రభుత్వానికిచ్చే పటంలో వీధి పేరు, దగ్గరి గుర్తు చాలు.

10. నివేదిక: మొదటి పేజీలోనే అంతా

ముప్పై పేజీలు ఎవరూ చదవరు. కమిషనర్ బల్ల మీద మొదటి పేజీయే కనిపిస్తుంది. అందులో ఈ వరుసలో రాయండి:

ఒకటి, ఏ తేదీ, ఏ వేళ, ఎన్ని చోట్లు, ఎంతమంది.

రెండు, అన్నిటికంటే ఎక్కువమంది ఉన్న ఐదు చోట్లు.

మూడు, లోటు. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత బస ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి, ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. 2011 నాటికే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. అంటే వెయ్యి మందికి చోటు కావాలి. మీ ఊరికి ఇలాగే కట్టి, ఇప్పుడున్న షెల్టర్ల సామర్థ్యం పక్కన పెట్టండి. 2024 సెప్టెంబరుతో ఆ మిషన్ గడువు ముగిసింది కదా అని ఎవరైనా అనొచ్చు. కొలబద్దగా చూపడానికి ఈ ప్రమాణాలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

నాలుగు, మూడు కోరికలు. మూడు మించవద్దు. ప్రతిదానికీ చోటు, శాఖ, గడువు ఉండాలి. ‘నిరాశ్రయులను ఆదుకోవాలి’ అని రాస్తే ఫైల్ కదలదు. ‘బస్ స్టేషన్‌కు నడిచే దూరంలో ఆడవాళ్లకు, పిల్లలకు ప్రత్యేక షెల్టర్ చూపాలి, ప్రస్తుత షెల్టర్‌లో ఆధార్ అడగవద్దని నెల లోపు ఆదేశం ఇవ్వాలి’ అని రాస్తే ఆ కాగితం మీద ఎవరో ఒకరు సంతకం పెట్టాల్సి వస్తుంది.

అనుబంధాలు మూడు: చోట్లవారీ పట్టిక, లెక్క తీసిన పద్ధతి ఒక పేజీలో, షెల్టర్‌కు ఎందుకు వెళ్లడం లేదో వాళ్ల మాటల్లో. పద్ధతి పేజీలో మీరు వెళ్లలేని చోట్లు కూడా రాయండి. ప్లాట్‌ఫారం మీదికి అనుమతి రాకపోతే రాలేదనే చెప్పండి. దాచితే ఒక్క తప్పు దొరికినా మొత్తం కొట్టేస్తారు.

సంఖ్యను పెంచి చెప్పాలనే కోరిక మంచివాళ్లకే ఎక్కువ కలుగుతుంది. 212 అని వస్తే 212 అనే రాయండి. ‘దాదాపు ఐదు వందలు’ అని రాసిన కాగితాన్ని ఒక్క రాత్రి తనిఖీతో పక్కన పడేయొచ్చు.

11. ఎక్కడ ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

అసలు ప్రతి మున్సిపల్ కమిషనర్‌కు. నకళ్లు మెప్మా ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు, జిల్లా కలెక్టర్‌కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. హైదరాబాద్‌లో షెల్టర్లు చూసేది జీహెచ్ఎంసీ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం, నకలు అక్కడికి. పిల్లల సంఖ్య జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, ఆరోగ్యం సంగతి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, ఎవరికి సంబంధించిన పేజీ వాళ్లకు.

చేతికిచ్చి వచ్చేయకండి. తపాలా సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబర్, తేదీ, ముద్ర మీ నకలు మీద వేయించుకోండి. ఆ నంబర్ లేకపోతే మీ కాగితం ఇచ్చినట్టే కాదు. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడ ఇస్తే అర్జీ నంబర్ ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, ఎవరి దగ్గర ఆగిందో కనిపిస్తుంది.

ఇచ్చిన రోజే ఉమ్మడి పరిశీలన అడగండి: “మీరు చెప్పిన రాత్రి, మీరు ఎంచుకున్న మూడు చోట్లకు మీ సిబ్బందితో కలిసి వస్తాం” అని. మేం చేసిన పనుల్లో దీనంత ఫలితం ఇచ్చింది లేదు. అర్ధరాత్రి ఘాట్ మెట్ల మీద నిలబడి స్వయంగా లెక్కపెట్టిన అధికారి ఆ తర్వాత ఆ సంఖ్య గురించి వాదించలేదు, మంచాల గురించి మాట్లాడారు.

12. జవాబు రాకపోతే

పదిహేను రోజులు చూసి, ఇన్‌వార్డ్ నంబర్ ఉటంకిస్తూ గుర్తు చేసే ఉత్తరం పెట్టండి. అయినా లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మున్సిపల్ కార్యాలయంలో రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ‘ఎందుకు పట్టించుకోలేదు’ అని అడగకండి, అది సమాచారం కిందికి రాదని తిరగ్గొడతారు. రికార్డులో ఉన్నదే అడగండి:

- నిరాశ్రయుల ఆఖరి సర్వే ఏ తేదీన, ఎవరు చేశారు? నివేదిక నకలు ఇవ్వండి.
- ప్రస్తుతం ఉన్న షెల్టర్లు, చిరునామాలు, ఒక్కోదాని సామర్థ్యం.
- గత పన్నెండు నెలల షెల్టర్ హాజరు రిజిస్టర్ నుంచి నెలవారీ సంఖ్యలు, పేర్లు లేకుండా.
- షెల్టర్ల నిర్వహణకు గత ఆర్థిక సంవత్సరం విడుదలైన, ఖర్చయిన మొత్తం.
- ఫలానా ఇన్‌వార్డ్ నంబర్ ఉత్తరం మీద తీసుకున్న చర్యల నోట్ ఫైల్ నకలు.

జవాబు రాకపోతే, తప్పుగా వస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

హాజరు రిజిస్టర్ అంకెలు చేతికొచ్చాక మీ రాత్రి లెక్కలోని గ గుంపుతో పోల్చండి. ఆ రాత్రి షెల్టర్‌లో మీరు చూసింది 18 మంది, రిజిస్టర్‌లో 45 సంతకాలు ఉంటే, ఆ తేడా ఒక్కటే రెండో ఉత్తరానికి సరిపోయే విషయం. ఎవరినీ నిందించకుండా రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి వివరణ అడగండి.

తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఇల్లు లేనివాళ్ల కోసం ఆ చివరి రాత్రుల్లో గణకులు వీధుల్లోకి రావాల్సి ఉంటుంది. మీ చోట్ల జాబితా, పేర్లు లేకుండా, అప్పటికి మీ మున్సిపాలిటీలోని జనగణన అధికారి చేతిలో ఉండేలా చూసుకోండి. ఏ ఫ్లైఓవర్ కింద ఏ వైపు వెళ్లాలో ఆయనకు చెప్పేవాళ్లు వేరే ఉండకపోవచ్చు.